గాజుపెట్టె మీద తట్టిన వేలు

మీ ఇంట్లో మనిషికి దేనంటే భయమో మీకు తెలుసా? తెలుసునని గబుక్కున అనేయకండి. ఎప్పుడైనా అడిగారా? అడిగి, జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో నోరు పెట్టకుండా విన్నారా?

నేను వినలేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఒకే చూరు కింద ఉండి కూడా వినలేదు. అంతకాలమూ ఊరందరి భయాల మీద ఉపన్యాసాలిచ్చాను. దెయ్యం భయం, దిష్టి భయం, గ్రహణం భయం, పిల్లి ఎదురొస్తే భయం, ఒక్కొక్కదాన్నీ పట్టుకుని చీల్చి చూపించాను. నా ఇంట్లో ఉన్న భయం దగ్గరికొచ్చేసరికి అదేమిటో కనుక్కోకుండానే ఖండించేశాను. పోయిన చలికాలం టరాంటులా అనే పెద్ద జాతి సాలీణ్ణి పెంచబోయి ఈ సంగతి తెలుసుకున్నాను. తెలుసుకునేసరికి నా భార్య మా ఖరగ్‌పూర్‌లోనే, ఝపటాపూర్ పేటలో వాళ్ళ చెల్లెలి ఇంట్లో ఉంది.

నా చేతి గురించి ముందు చెప్పాలి. నేను రైల్వేలో చక్రాలు తట్టి చూసేవాణ్ణి. బండి వచ్చి ఆగగానే పొడుగు పిడి ఉన్న సుత్తి పట్టుకుని, పక్కనే నడుస్తూ ఒక్కో చక్రాన్నీ తట్టాలి. బాగున్న చక్రం ఖంగుమంటుంది. లోపల పగులుంటే డొల్లగా, పడిశం పట్టిన ముక్కుతో పలికినట్టు పలుకుతుంది. ఇప్పుడు ఆ పనికి వేరే పరికరాలొచ్చాయి, నేనూ రిటైరయ్యాను. చేయి మాత్రం రిటైరవలేదు. కొబ్బరికాయ, పుచ్చకాయ, గ్యాస్ సిలిండరు, అద్దె ఇంటి గోడ, ఏది కనపడినా వేలితో తట్టి చెవి పెట్టి వింటాను. తట్టితే పలకని వస్తువు లేదని నా నమ్మకం. తలనొప్పి అంటోంది కదా అని నా భార్య నుదుటి మీద చేయి వేయబోతే, "తట్టకు, ముందే పగిలున్నాది," అనేది.

నోటి గురించి కూడా చెప్పాలి. మేముండే రైల్వే పేట పేరు ట్రాఫిక్. అక్కడ మా తెలుగువాళ్ళ సంఘం గదిలో మా నాన్నల కాలం నుంచీ ఆదివారం ఉదయం చర్చ జరుగుతోంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చినవాళ్ళు వారమంతా ఇనుమును కొట్టి, ఆదివారం కులాన్నీ మూఢనమ్మకాన్నీ కొట్టేవారు. అక్కడ ఒక నియమం ఉంది. ఎదుటివాడి మాటను ఖండించాలంటే ముందు ఆ మాటను నీ నోటితో తిరిగి చెప్పాలి. వాడు విని "అదే" అనాలి. "అది కాదు" అంటే మళ్ళీ చెప్పాలి. "అదే" అనేదాకా నీకు ఖండించే హక్కు లేదు. పదహారేళ్ళ వయసులో ఈ నియమం నేర్చుకున్నాను. పూజారులతో పాటించాను, యూనియన్ నాయకులతో పాటించాను, మా ఫోర్‌మన్‌తో కూడా పాటించాను. దాన్ని ఇంటికి తీసుకువెళ్ళాలని తోచలేదు.

ఇక సాలీడు.

మా ఊరి బయట సాలువా దగ్గరి పల్లెల్లో ఒక పుకారు వస్తూ పోతూ ఉంటుంది. రాకాసి సాలీళ్ళు దిగాయట, కరిస్తే మనిషి దక్కడట. ఆ పుకారు లేచినప్పుడల్లా పొలంలో ఏ బొరియ కనపడినా కిరసనాయిలు పోసి అంటిస్తారు. కాలికి కురుపు లేచినా సాలీడే అని ఆస్పత్రి మానేసి భూతవైద్యుడి దగ్గరికి పరుగెడతారు. నేను అక్కడికి సైకిలు మీద వెళ్ళి, ఒక సీసాలో చచ్చిన సాలీణ్ణి చూపిస్తూ నాకొచ్చిన బెంగాలీలో మాట్లాడేవాణ్ణి. ఒకసారి ముందు వరసలో కూర్చున్న ముసలావిడ ఆ సీసా అడిగి తీసుకుంది. తిప్పి తిప్పి చూసి, "చచ్చినదాన్ని చూసి ఎవరు భయపడతారు బాబూ? అంత ధైర్యముంటే బతికున్నదాన్ని నీ ఇంట్లో పెట్టుకుని చూపించు," అంది. కూర్చున్నవాళ్ళంతా నవ్వారు.

నాకు సవాలు విసరడం ఎంత తేలికో ఆవిడకు తెలియదు. పదిహేను రోజుల్లో కలకత్తా వెళ్ళాను.

అక్కడ ఒక జంతుశాస్త్రం టీచరమ్మ టరాంటులాలను ఇంట్లోనే పొదిగించి పెంచుతుంది. నేను తెచ్చుకున్నది దక్షిణ అమెరికా జాతిదే కానీ, పుట్టడం ఆవిడ ఇంట్లో ఒక ప్లాస్టిక్ డబ్బాలో పుట్టింది. అడవిలోంచి పట్టింది కాదు, కాగితాలు కూడా ఉన్నాయి. ఒళ్ళంతా గోధుమ రంగు నూగు, కాళ్ళు చాచితే నా అరచేయంత ఉంటుంది. ఆడది. మగవాటి కన్నా ఆడవి చాలా ఏళ్ళు బతుకుతాయని చెప్పింది. గాలికి చిల్లులున్న డబ్బాలో మెత్తటి కాగితం పరిచి, దానిలో కూర్చోబెట్టి ఇచ్చింది.

హౌరా నుంచి ఖరగ్‌పూర్ లోకల్‌లో ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న పెద్దమనిషి డబ్బా వైపు ఆశగా చూసి, "దాదా, మిష్టి నాకి?" అన్నాడు. స్వీట్లనుకున్నాడు.

"నా, మాకొడ్‌షా," అన్నాను. సాలీడు అని.

నవ్వాడు. మూత చిల్లుల్లోంచి తొంగి చూశాడు. ఆ తర్వాత మా స్టేషను వచ్చేదాకా ముగ్గురు పట్టే సీటులో నేనొక్కణ్ణే కూర్చున్నాను. పక్కన చోటు ఖాళీ అయిందని ఆ పూట సంబరపడ్డాను కూడా. ఖాళీ అయిన చోటు అంటే ఏమిటో అప్పటికి నాకింకా తెలియదు.

మా ఇల్లు ట్రాఫిక్ అంచున, గూడ్సు లైనుకు దగ్గర్లో ఉంది. క్వార్టర్ ఖాళీ చేశాక అద్దెకు తీసుకున్నది. నా భార్య ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఈ కాలనీలో పెళ్ళి కుదిరితే పిల్ల తల్లి ముందు పూజారి దగ్గరికి కాదు, ఆమె దగ్గరికే వస్తుంది. ఆమె చేయి తొణకదని పేరు. జారే పట్టు గుడ్డ మీద కూడా కత్తెర గీత గీసినట్టు పోతుంది. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది.

"ఏటది?"

"టరాంటులా."

"అంటే ఏటి?"

"సాలీడే. కొంచెం పెద్దది."

ఆమె చేటను కింద పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుంది. పంతానికి అలా నిలబడిందనుకున్నాను.

"తెచ్చీ ముందు నాతో ఒక్క మాటయినా అన్నావా?"

"అంటే ఒద్దంటావని అననేదు."

"ఒద్దంటానని తెలిసే తెచ్చినావన్నమాట."

ఆదివారం చర్చలో అయితే ఇక్కడితో గంట కొట్టి నన్ను కూర్చోబెట్టేవారు. ఇంట్లో గంట లేదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. దీని విషం తేనెటీగ విషం పాటిది కూడా కాదన్నాను. మనిషిని చూస్తే అదే పారిపోతుందన్నాను. కాలనీలో బైకుల కింద పడేవాళ్ళ కన్నా సాలీడు కరిచి పోయినవాళ్ళు ఎక్కువా అన్నాను. ఆమె చేతులు వెనక్కి కట్టుకునే లోపలికి వెళ్ళిపోయింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. మా సంఘంవాళ్ళ చిన్న పత్రికకు వ్యాసం రాశాను. "చదువుకున్న వంటింట్లో చదువురాని భయం" అని శీర్షిక. ఆదివారం గదిలో చదివాను. పేరు చెప్పలేదు, "నాకు బాగా తెలిసిన ఒక గృహిణి" అన్నాను. పేరు చెప్పకపోవడం నా సంస్కారమనుకున్నాను. విన్నవాళ్ళు నవ్వి, వెనక వరసలో కూర్చున్న ఆమె వైపు తల తిప్పారు. అక్కడ కూర్చున్న ఆడవాళ్ళలో సగం మంది ఒంటి మీద ఆమె కుట్టిన జాకెట్లే ఉన్నాయి.

ఇంటికొచ్చి సంచీలో నాలుగు చీరలు సర్దుకుంది. పెళ్ళయిన కొత్తలో నన్ను "మీరు" అనొద్దని, ఆడా మగా సమానమని నేనే పట్టుబట్టి మాన్పించాను. ఆ రోజు ఆమె, "మీరు రాసుకోండి. రాయడానికి ఇంకా శానా ఉంతాది. నాను మా సెల్లి కాడికి ఎల్తన్నాను," అంది. వీధిలో టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కింది. ఝపటాపూర్ ఎంత దూరం? టోటోలో ఇరవై నిమిషాలు కూడా పట్టదు. ఆ ఇరవై నిమిషాల దూరాన్ని నేను నెల రోజులకు పైగా దాటలేకపోయాను.

ఒకసారి వెళ్ళాను లెండి, రెండో రోజే. సాలీళ్ళ విషం మీద అచ్చు తీయించిన కాగితాలు పట్టుకుని వెళ్ళాను. మా మరదలు దారాలు, గుండీలు, చీర ఫాల్స్ అమ్మే కొట్టు నడుపుతుంది. కొట్టు వెనకే ఇల్లు. కాగితాలు చూడగానే, "బావా, మా ఇంట్లో మైకు నేదు. కూకుని టీ తాగి ఎల్లు," అంది. నా భార్య లోపలి గదిలోంచి రాలేదు. టీ తాగి, కాగితాలు అక్కడే బల్ల మీద వదిలి వచ్చాను. తర్వాత తెలిసింది, మరదలు వాటిలో గుండీలు పొట్లాలు కట్టి అమ్మేసిందట.

ఇంట్లో మిగిలింది నేనూ, గాజుపెట్టే.

అప్పటిదాకా డబ్బాలోనే ఉన్న సాలీడు కోసం పెట్టె మాత్రం శ్రద్ధగా తయారు చేశాను, ఆ మాట చెప్పుకోవాలి. అయిదంగుళాల మందాన కొబ్బరి పొట్టు పరిచి అరచేత్తో అదిమాను. ఒక మూల కొద్దిగా నీళ్ళు చిలకరించి తడిగా ఉంచాను, మిగతాది పొడిగా వదిలేశాను. సగం కొబ్బరి చిప్పకు అంచున గుమ్మంలా కోసి బోర్లించాను, అది దాక్కునే చోటు. సీసా మూతలో నీళ్ళు. పెట్టె ఎత్తు తక్కువగా ఉండాలని టీచరమ్మ మరీ మరీ చెప్పింది. గోడ ఎక్కి పడితే పొట్ట పగిలి చస్తుందట. అంత ఒళ్ళూ అంత కాళ్ళూ ఉన్న జీవి జానెడు ఎత్తు నుంచి పడితే పోతుందన్నమాట. డబ్బాను పెట్టెలో దింపి మూత తీసి పక్కకు జరిగాను. అది తనంతట తను బయటికి రావాలి, తోయకూడదు. మధ్యాహ్నం భోజనం వేళకు డబ్బాలో ఉంది. సాయంత్రం టీ పెట్టుకుని వచ్చేసరికి పెట్టె మూలలో, కాళ్ళన్నీ దగ్గరికి లాక్కుని, గాజుకు ఒళ్ళు ఆనించి కూర్చుంది. కొబ్బరి చిప్ప వైపు కన్నెత్తి చూడలేదు.

"వారం రోజులు దాని జోలికి పోకండి," అంది టీచరమ్మ. "తిండి కూడా పెట్టొద్దు. కొత్త చోటు దానికి అర్థం కావాలి."

పోకుండా ఎలా ఉంటాను? ఉందో పోయిందో తెలియాలి కదా. కదలదు, మెదలదు. పొద్దున లేచి పళ్ళు తోముకోకముందే గాజు మీద వేలితో తట్టేవాణ్ణి. టిక్కు టిక్కుమని రెండుసార్లు. ఒక కాలు కదిలేది. హమ్మయ్య అనుకునేవాణ్ణి. మధ్యాహ్నం మళ్ళీ, సాయంత్రం మళ్ళీ. రైలు తట్టిన చేయి కదా, పద్ధతిగా నాలుగు వైపులా తట్టేవాణ్ణి. అయిదో రోజుకు అది మూల వదిలి గోడలెక్కడం మొదలుపెట్టింది. నేను తట్టగానే వెనక కాళ్ళతో తన పొట్ట మీద గబగబా గీరుకునేది. సన్నటి నూగు గాలిలో లేచేది. చూస్తుండగానే పొట్ట మీద చొక్కా గుండీ అంత బోడి మచ్చ పడింది. ఏదో చర్మరోగం అనుకుని ఫోటో తీసి పంపాను.

టీచరమ్మ వెంటనే ఫోన్ చేసింది. "దాదా, మీరు దాన్ని ఏం చేస్తున్నారు?"

"ఏమీ చేయడం లేదు. బతికుందో లేదో అని గాజు మీద కొంచెం తడుతున్నానంతే."

 "దాదా, ఆర్ టోకా దేబేన్ నా," అంది నెమ్మదిగా. ఇక తట్టకండి అని.

దానికి చెవులు లేవు, కాళ్ళతోనే వింటుంది అని చెప్పింది. నేల అదిరిందంటే దానికి ఎవరో చంపడానికి వస్తున్నట్టే లెక్క. ఆ నూగు దాని ఆయుధం. ప్రాణం మీదికి వచ్చిందనుకున్నప్పుడు తన ఒంటి మీది వెంట్రుకలు తనే పీకి శత్రువు మీదికి విసురుతుంది. నేను రోజుకు మూడుసార్లు, నాలుగు వైపుల నుంచీ దాని మీద యుద్ధానికి వెళ్ళాను. అది బోడి అయ్యేదాకా పోరాడింది.

మా ఇంటి పక్కన గూడ్సు పోయినప్పుడు అలమరలో గ్లాసులు కూడా గలగలమంటాయి. ఆ సంగతి నాకు ముందు తట్టవలసింది. పాత సామాన్ల దుకాణం నుంచి మందపాటి రబ్బరు దిమ్మలు నాలుగు తెచ్చి, కోసి, పెట్టె నాలుగు మూలల కింద పెట్టాను. మూత మీద నీళ్ళ గిన్నె ఉంచి బండి కోసం కాచుకున్నాను. బొగ్గు గూడ్సు ఒకటి బోగీ తర్వాత బోగీ పోతూనే ఉంది. గ్లాసులు మోగాయి. గిన్నెలో నీళ్ళు దాదాపు కదల్లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను మోత వినడానికే పనిచేశాను. మోత ఆపడానికి ఒక పని చేయడం అదే మొదటిసారి.

ఇక చేయడానికి పనేమీ లేదు. ఎదురు చూడాలి. ఆ ఇంట్లో ఎదురు చూడడం కన్నా కష్టమైన పని నేను చేయలేదు.

ఆమె కుట్టుమిషను కిటికీ దగ్గరే ఉంది. దాని పాదం కింద ఆకాశనీలం రంగు జాకెట్టు చేయి ఒకటి సగం కుట్టి ఉంది. సూది గుడ్డలోనే దిగి ఉంది. దుమ్ము పడుతోందని తుడవబోయి ఆగిపోయేవాణ్ణి. కదిపితే కుట్టు తప్పుతుంది. ఎవరి జాకెట్టో, వాళ్ళెవరూ వచ్చి అడగలేదు. ఆమె ఎక్కడుందో అందరికీ తెలుసు, నన్ను అడగడం వాళ్ళకు ఇష్టం లేదు. పొద్దున ఆ మిషను టకటకా పరుగెత్తి, ఆగి, దారం పళ్ళతో కొరికిన చప్పుడు వినపడి, మళ్ళీ పరుగెత్తేది. ముప్ఫై నాలుగేళ్ళు ఆ చప్పుడు మీద విసుక్కుంటూ వ్యాసాలు రాసుకున్నాను. అది లేకపోతే వాక్యం సాగదని తెలియదు. స్నానాలగది కిటికీలో ఆమె దువ్వెన ఉంది, దానికి రెండు వెంట్రుకలు. పాల మీగడ తీసి దాచే గిన్నె బోర్లించి ఉంది. నేను మీగడ ఎప్పుడు తీయాలో తెలియక పాలు అలాగే తాగేసేవాణ్ణి. దుప్పట్లో ఆమె వైపు అంచును మడత విప్పకుండా పడుకునేవాణ్ణి.

సాయంత్రం ఏడింటికి ఫోన్ వచ్చేది.

"మాత్ర ఏసుకున్నారా?"

"ఏసుకున్నాను."

"సరే."

ఎంతసేపు మాట్లాడామో ఫోన్ చూపిస్తుంది కదా. పదకొండు సెకన్లు. ఒకనాడు కావాలనే, "ఇంకా ఏసుకోనేదు," అన్నాను. "ఏసుకోండి," అంది. ఆ రోజు పదమూడు.

తట్టడం మానేశాక మూడు వారాల దాకా పెట్టెలో ఏ మార్పూ కనపడలేదు. నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం చూద్దును కదా, అది కొబ్బరి చిప్ప గుమ్మంలో ఉంది. ముందు రెండు కాళ్ళూ బయట, ఒళ్ళు లోపల. మర్నాటికి చిప్ప లోపలి నుంచి పొట్టు తవ్వి, ఉండలు చేసి, నోటితో పట్టుకుని బయట పోస్తోంది. వంటిల్లు ఊడ్చుకున్నట్టు ఎంత తీరుగా పోస్తోందో! ఆ పైన గుమ్మం ముందు తెల్లటి పట్టు పరిచింది, చాప పరిచినంత. కొత్త చోటును తనది చేసుకున్న సాలీడు ఆ పని చేస్తుందని టీచరమ్మ చెప్పి ఉంది. దాని తిండికని ఆవిడ ఇచ్చిన కీచురాళ్ళలో ఒకదాన్ని పెట్టెలోకి వదిలాను. ఆ పట్టు మీద కీచురాయి కాలు పడిందో లేదో, చిప్పలోంచి మెరుపులా వచ్చి పట్టుకుపోయింది.

"తిన్నాది! ఒసే, సూడు, తిన్నాది!" అని వంటింటి వైపు తిరిగి కేకేశాను.

ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు. కేక వంటింట్లోకి వెళ్ళి, అక్కడెవరూ లేక, అక్కడే ఉండిపోయింది.

చొక్కా వేసుకున్నాను. ఈసారి కాగితాలు తీసుకోలేదు. టోటోలో వెళ్తూ ఏం మాట్లాడాలో అనుకోకూడదని అనుకున్నాను. అదీ కష్టమే.

కొట్టులో ఇద్దరూ ఉన్నారు. మరదలు దారపు రీళ్ళు రంగుల వరసన సర్దుతోంది, నా భార్య స్టూలు మీద కూర్చుని అందిస్తోంది. నన్ను చూసి మరదలు, "అప్పా, ఒట్టి సేతుల్తో వచ్చినాడు. కాయితాల్లేవు," అంది.

నేను బెంచీ మీద కూర్చున్నాను. "నీకు సాలీడంటే ఎందుకు బయిం?" అని అడిగాను.

"ఇప్పుడడుగుతున్నారా? అచ్చేసినాక?"

"ఇప్పుడే అడుగుతున్నాను."

మరదలు చేయి ఆపి నా వైపు చూసింది. "ఏటి బావా, ఒంట్లో బాగానే ఉన్నాదా?"

నా భార్య చాలాసేపు రీలు వేళ్ళ మధ్య తిప్పింది. తర్వాత చెల్లెలి ఎడమ చేతిని పట్టుకుని, గాజులు పైకి తోసి, నా ముందుకు చాపింది. మణికట్టు నుంచి మోచేతి దాకా ముడతలు పడిన కాలిన మచ్చ. పెళ్ళిచూపుల నాటి నుంచీ చూస్తున్నాను ఆ మచ్చను. ఎప్పుడూ అడగలేదు.

"నాకప్పుడు పదకొండేళ్ళు. పాత క్వార్టర్ల కాడ బొగ్గుల పొయ్యి. అమ్మ ఆస్పత్రికెల్లినాది. నాను గెంజి వారస్తన్నాను. ఇది పక్కన కూకుని పళ్ళెం వాయిస్తన్నాది, ఆకలని. మసిగుడ్డ తీసినాను. దాన్లోంచి సాలీడు నా సేతి మీద కెక్కినాది. సిన్నదే, గోరంత. కరవనేదు, ఏటీ సెయ్యనేదు. నా సెయ్యే ఇసిరీసినాది. సాలీణ్ణి కాదు, గిన్నిని."

"నానెప్పుడైనా నిన్నో మాటన్నానా అప్పా?" అంది మరదలు.

"నువ్వననేదు. అందుకే." రీలు కింద పెట్టింది. "ఊరంతా నా సెయ్యి తొణకదంటారు. ఆ సెయ్యి ఎలాటిదో నాకు తెలుసు."

నా నోటి దాకా వచ్చేసింది. పదకొండేళ్ళ పిల్లవి, అసంకల్పితంగా జరిగిన పని, నీ తప్పేముంది, దానికీ దీనికీ సంబంధమేమిటి... వరసగా నాలుగు వాదనలు, నాలుగూ నిజాలే. పళ్ళ వెనకే ఆపాను. ఆదివారపు నియమం గుర్తొచ్చింది. ముందు తిరిగి చెప్పాలి.

"సిన్నప్పుడు అలాగ జరిగినాది కాబట్టి నీకు సాలీడంటే బయిం పట్టుకున్నాది," అన్నాను.

"అది కాదు."

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి మెల్లిగా, ఒక్కో మాటా చూసుకుంటూ. "సాలీడు కరుస్తాదని కాదు. సాలీడంటే నీకు బయిమే నేదు. అది అవుపడితే నీ సెయ్యి నీ మాట ఇనదు. అప్పుడు ఆ సేతికి దగ్గర ఎవులుంతారో, ఆళ్ళ గురించి నీ బయిం. ఆ రోజు నాను డబ్బా తెస్తే నువ్వు సేతులు ఎనక్కి కట్టుకున్నావు. నాను పక్కనే ఉన్నానని."

ఆమె కళ్ళెత్తి నన్ను చూసింది. కొట్టు ముందు నుంచి ఒక టోటో హారను కొట్టుకుంటూ పోయింది.

"అదే," అంది.

ఇప్పుడు నాకు ఖండించే హక్కు వచ్చింది. ఆ హక్కు పట్టుకుని ఏం చేయను? తేనెటీగ విషంతో పోల్చి చూపిన నా వ్యాసం ఈ భయాన్ని ఎక్కడా తాకలేదు. నేను ఎవరి భయాన్నో ఖండించాను, ఆమెది కాదు. ఊరుకున్నాను.

"అప్పా, బావ నోరు మూసినాడు. కేలండరు మీద రాసుకో," అంది మరదలు, గాజులు కిందికి లాక్కుంటూ. ముగ్గురం నవ్వాం. నా నవ్వు కొంచెం తడిగా వచ్చింది.

"అదెలాగున్నాది?" అని అడిగింది నా భార్య, కాసేపటికి.

చెప్పాను. మూలలో కూర్చోవడం, బోడి మచ్చ, టీచరమ్మ ఫోను.

"దాన్నీ తట్టినావా!" నెల రోజుల తర్వాత ఆమె గొంతులో ఆ పాత ఎగతాళి విన్నాను. "పాపం. బోడిగుండు సేసినావు దానికి. మీటింగులకి మోసుకెల్తావేటి?"

"నేదు. కదిపితే సస్తాదంట."

"మరెందుకు తెచ్చినట్టు?"

"నాకే తెల్దు," అన్నాను.  ఆమె షరతులు పెట్టింది. అది ముందు గదిలో ఉండాలి. పెట్టె మీద గుడ్డ కప్పి ఉండాలి. తను ఆ గదిలోకి వచ్చేముందు తనే చెబుతుంది, అప్పుడు గుడ్డ సరిగా కప్పి ఉందో లేదో నేను చూసుకోవాలి. తన చేతిలో కత్తెరగానీ వేడి గిన్నెగానీ ఉండగా దాని మాటే ఎత్తకూడదు. నేను ఒక్కొక్కటీ తిరిగి చెప్పాను. ఆమె తలూపింది. నేను లేచాక వెనక నుంచి అడిగింది:

"నా మిషను తొక్కితే ఇల్లంతా అదురుతాది కదా. దానికి బాధ కాదేటి?"

ఇంటికొచ్చి ఇంకో నాలుగు రబ్బరు దిమ్మలు కోశాను. సూది దిగి ఉన్న గుడ్డ కదలకుండా మిషనును ఒక్కో కాలూ ఎత్తి, ఒక్కో దిమ్మా కిందికి తోశాను. ఫోటో తీసి పంపాను. గంట తర్వాత జవాబొచ్చింది: "కుడేపు ఎనక కాలు వంకరగా ఉన్నాది." సరిచేసి మళ్ళీ పంపాను. దానికి జవాబు రాలేదు.

ఎప్పుడొస్తావని నేను అడగలేదు. అడగాలని రోజుకు పదిసార్లు అనిపిస్తుంది. ఒక్కోసారి అడగడం కూడా తట్టడమే. మొన్న ఆదివారం అదే గదిలో నిలబడి నా వ్యాసం తప్పని చెప్పాను, ఎందుకు తప్పో చెప్పలేదు. అది ఆమె చెప్పుకోవలసిన సంగతి. ఇప్పుడు ఇక్కడ ఇంత రాశానంటే, ఆమెకు చదివి వినిపించి, ఒప్పుకున్నాకే రాశాను. రెండు చోట్ల కొట్టేయమంది, కొట్టేశాను. ఏమిటవని అడగకండి. చెల్లెలి మచ్చ సంగతి చెల్లెలిని అడిగి ఉంచాం. సాయంత్రం ఏడింటి ఫోను ఇప్పుడు నాలుగు నిమిషాలు సాగుతోంది. మాత్ర తర్వాత సాలీడు గురించి అడుగుతుంది. ఆకాశనీలం జాకెట్టు ఇంకా పాదం కిందే ఉంది. పెట్టె మీద గుడ్డ కప్పి ఉంది. గుడ్డ కింద అది పట్టు పరుచుకుని, ఏ అదురూ లేని నేల మీద కాళ్ళు చాపుకుని ఉంటుంది. నేను చూడను, తట్టను. కిటికీ దగ్గర కూర్చుని, వీధి మలుపులో ఆగే ప్రతి టోటోనూ చూస్తాను.

మీరు మాత్రం కూర్చోకండి. మీ మనిషి ఇంకా మీ ఇంట్లోనే ఉంటే, ఈ పత్రిక మూసి పక్కన పెట్టండి. లేవండి. వంటింట్లో ఉంటే వంటింట్లోకి, పెరట్లో ఉంటే పెరట్లోకి వెళ్ళండి. నీకు దేనంటే భయం అని అడగండి. చెప్పింది మీ నోటితో తిరిగి చెప్పండి. "అది కాదు" అంటే మళ్ళీ చెప్పండి. "అదే" అనేదాకా అక్కడి నుంచి కదలకండి. అన్నాక నోరు మూసుకోండి. వెళ్ళండి, ఇప్పుడే.